జొన్న బీరు మీద నా తీర్పు

మొన్న మా కోడలు జావ కోసమని జొన్నలు నానబెట్టి గుడ్డలో మూటకట్టింది. రెండో రోజు మూట విప్పగానే వంటింట్లో తియ్యటి పచ్చి వాసన వ్యాపించింది. నాకు వెంటనే మాధవరావు గారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆయన నన్ను కాపాడారో, నిజమే చెప్పారో తేల్చుకోలేక ఇప్పటికీ తికమక పడుతూనే ఉన్నాను.

ఎనభైల మొదట్లో గుంటూరు పక్కన నల్లపాడు దగ్గర ఒక చిన్న బీరు ఫ్యాక్టరీలో ఆయన పెద్ద కెమిస్టు. నేను పురోహితుడి కూతురిని, బీఎస్సీ పాసై ఆయన కింద పనికి చేరాను. మా నాన్న అందరికీ "అమ్మాయి రసాయనాల కంపెనీలో చేస్తోంది" అని చెప్పుకునేవారు. అబద్ధమేమీ కాదు కదా! బార్లీ ఎక్కడినుంచో తెప్పించుకోవడమేమిటి, మన జొన్నలతో బీరు ఎందుకు రాదని మాధవరావు గారి పట్టుదల. రెండేళ్ళపాటు జొన్నలు మొలకెత్తించారు, ఎండబెట్టారు, ఉడికించారు, పులియబెట్టారు. ప్రతి విడతా రుచి చూసే పని నాది. మూడు గ్లాసులు పెట్టేవారు. రెండింట్లో మామూలు బీరు, ఒకదాంట్లో జొన్న బీరు. అదేదో కనిపెట్టి, ఎలా ఉందో కాగితం మీద రాయాలి. నోట్లో తిప్పి ఉమ్మేయడమే, మింగేది లేదు.

"నేనెందుకండీ సార్? తాగేవాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా" అన్నానొకసారి.

"తాగేవాళ్ళకి అన్నీ బాగానే ఉంటాయమ్మాయ్. నీ నాలుక్కి మొహమాటం లేదు. కారం మాత్రం ముందురోజు నుంచే మానెయ్."

గుంటూరులో పుట్టి కారం మానడం! అయినా మానాను, ఒక్కసారి తప్ప. ఆ రోజు యజమాని స్వయంగా వచ్చారు. ఈ విడత బాగుంటే జొన్న బీరు మార్కెట్లోకి వెళుతుంది, లేకపోతే ప్రయోగం అంతటితో ఆపేయాలి. పొద్దున అమ్మ పండుమిరపకాయ పచ్చడి కొత్త జాడీ తీసి ఇంగువ పోపు పెట్టింది. ఒక్క ముద్దే అనుకున్నాను. నాలుగయ్యాయి.

మూడు గ్లాసులూ రుచి చూసినా నోట్లో మంట తప్ప మరేమీ తెలియలేదు. యజమాని ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. బాగుందని రాసి, తీరా బాగోకపోతే ఫ్యాక్టరీ మునుగుతుందని భయం. మూడోదే వేరని గుడ్డిగా రాసి, పక్కన "పులుపెక్కింది, పనికిరాదు" అని గీకేశాను. నా ఖర్మకొద్దీ మూడోదే జొన్న బీరు. యజమాని మాధవరావు గారి వంక చూశారు. ఆయన నా చేతిలోంచి ఆ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "అమ్మాయి రాసిందే నా మాటండీ" అన్నారు. సాయంత్రానికి ఆ బీరంతా కాలవలోకి వదిలేశారు.

మర్నాడు ఆయన ముందు ఏడ్చేశాను. "నిన్న పచ్చడి తినొచ్చానండీ. నాకేమీ తెలియలేదు సార్."

"తెలుసు. నీ చేతిలోంచి గ్లాసు అందుకోగానే ఇంగువ వాసన గుప్పుమంది."

"మరెందుకు ఊరుకున్నారండీ? నిజంగా పులిసిందా?"

"పులిసిందనే అనుకో" అని, ఆయన గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయారు.

ఆయన మళ్ళీ జొన్నల జోలికి పోలేదు. నన్ను ఆ పనిలోంచి తీసేయనూ లేదు. తర్వాత నేను చాలా ఏళ్ళు నూనెల ల్యాబులో పనిచేశాను. అనుమానం వచ్చిన ప్రతిసారీ రిపోర్టులో "నాకు తెలియలేదు, మళ్ళీ చూడాలి" అని రాసేదాన్ని. తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వనిమ్మనుకునేదాన్ని. ఆ ఒక్క మాట ఆ రోజు రాసి ఉంటే ఆయన బీరు బతికేది. బతికేదో లేదో, నాకు తెలియదు.