భూలక్ష్మి లిఫ్టుల పట్టిక

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. పంజాగుట్టలో రెండో అంతస్తులో ఉంది ఆఫీసు. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఈ సంగతి విని నవ్వని మనిషిని ఇంతవరకు చూడలేదు కాబట్టి మీరూ ఒకసారి నవ్వేయండి. తర్వాత భూలక్ష్మి గురించి చెబుతాను.

ఆయాసపడుతూ మెట్లెక్కి పైకి వస్తే ఎదురుగా ఒక బల్ల, బల్ల మీద ఫోను, ఫోను వెనక ఆమె. నలభై అయిదేళ్ళుంటాయి. బోరబండ నుంచి బస్సులో తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చుంటుంది. అమీర్‌పేట చుట్టుపక్కల ఏ లిఫ్టు మొరాయించినా మోగేది ఆ ఫోనే. ఎత్తగానే ఏ భవనం అని అడగదు. "మీ వాచ్‌మన్ పేరు చెప్పున్రి" అంటుంది.

దానికి కారణం ఉంది. అమీర్‌పేటలో భవనం పేరు ఎవరికీ అక్కరకు రాదు. పేరంటూ ఉంటే అది కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల వెనక ఎక్కడో నక్కి ఉంటుంది. ఈ ఏడు ఒక కోర్సు బోర్డు, వచ్చే ఏడు ఇంకో కోర్సు బోర్డు. పై అంతస్తులో హాస్టలు చేతులు మారినప్పుడల్లా దాని పేరూ మారుతుంది. సాయి పేరుతో మొదలయ్యే భవనాలు మా లెక్కలోనే పదకొండున్నాయి. అందుకని మా మెకానిక్కులు "రాజనర్సయ్య లిఫ్టు తలుపు పడట్లేదు", "మొగిలయ్య లిఫ్టు ఊగుతోంది" అని చెప్పుకుంటారు. నిజానికి ఆ వాచ్‌మన్లు ఉండేది సెల్లార్‌లో. లిఫ్టు ఎక్కే పని వాళ్ళకు పెద్దగా పడదు. అయినా పేరు మాత్రం వాళ్ళదే.

భూలక్ష్మి పదహారేళ్ళ కిందట ఆ ఆఫీసులో టీ పెట్టడానికి చేరిందట. ఒకరోజు ఫోను మోగి మోగి ఆగిపోతుంటే, చుట్టూ ఎవరూ లేక తనే ఎత్తింది. అవతల ఎవరో లిఫ్టులో ఇరుక్కుని బేర్‌మంటున్నాడు. మెకానిక్ వెళ్ళేదాకా అతనితో ఏ ఊరు, ఏం చదువు, పొద్దున ఏం తిన్నావ్ అంటూ మాట్లాడుతూనే ఉంది. ఆ రోజుతో ఆ కుర్చీ ఆమెదైపోయింది. నూట నలభై భవనాలు ఆమె తలలో ఉంటాయి. తలలో పట్టనివి ఒక పొడుగాటి నోటుబుక్కులో ఉంటాయి.

ఇక నేను. నా పేరు వివేక్. ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తాను. రాజమండ్రి నుంచి వచ్చి అమీర్‌పేటలో నాలుగు కోర్సులు చేశాను, నాలుగు సర్టిఫికెట్లకూ లామినేషన్ చేయించాను. ఈ కథలో నా గొప్పతనం అంతవరకే.

కిందటేడు బోనాలకు ముందు పుణెలోని పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. మా మేనేజరు బుచ్చిబాబుగారు భూలక్ష్మిని లోపలికి పిలిచారు. నన్నూ ఉండమన్నారు.

"ఏంటంటే భూలక్ష్మీ, వచ్చే నెల నుంచి అన్ని ఊళ్ళ ఫిర్యాదులూ పుణెలో ఒకేచోట తీసుకుంటారట. ఇక్కడ బల్ల ఎత్తేస్తామంటున్నారు."

"మరి నేను సార్?"

బుచ్చిబాబుగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

అయినా ఆయన ఊరుకునే రకం కాదు. ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒక నెల గడువు సంపాదించారు. ఫిర్యాదు ఎప్పుడొచ్చింది, ఎవరు వెళ్ళారు, లిఫ్టు ఎప్పుడు కదిలింది అన్నవి పెద్దాఫీసు వాళ్ళు కూర్చున్న చోటి నుంచే చూసుకునేలా చేయాలి. నెలాఖరున అక్కడి నుంచి ఒకరు వచ్చి చూస్తారు. నచ్చితే బల్ల ఉంటుంది, లేకపోతే భూలక్ష్మి ఇంటికి పోవాలి.

ఆఫీసులో మేమంతా మాట్లాడుకునేది టీమ్స్ అనే యాప్‌లో. అందులోనే పట్టికలు కట్టుకోవచ్చు. కోడు రాయకుండా గడులూ బటన్లూ లాగి పెట్టుకుంటే చిన్న యాప్ తయారవుతుంది. బుచ్చిబాబుగారు ఆ పని నాకు అప్పగించారు. నాలుగు రోజుల్లో చేసి పారేశాను. భవనం పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్, లిఫ్టు సీరియల్ నంబరు, పైన నీలం రంగులో కంపెనీ బొమ్మ. చూడ్డానికి పెళ్ళిపత్రికలా ఉంది. మొదటి రోజు పొద్దున్నే మెకానిక్ దినేశ్ దాన్ని ఫోనులో తెరిచి, మళ్ళీ భూలక్ష్మికే ఫోను కొట్టాడు.

"అక్కా, గీ సాయి రెసిడెన్సీ అంటే ఎవరి లిఫ్టే?"

సాయంత్రానికి నా యాప్‌ను అందరూ వదిలేశారు. నేను తలపట్టుకుని కూర్చుంటే భూలక్ష్మి కుర్చీ లాక్కుని పక్కన చేరింది.

"జర జరుగు వివేక్. ఎట్ల చేస్తరో నాకు చూపెట్టు."

చూపించాను. లోపల నవ్వుకుంటూనే చూపించాను, అబద్ధమెందుకు. ఆమె చదివింది ఇంటర్ వరకు. మౌసు పట్టుకుంటే ఎలకను పట్టుకున్నట్టే గట్టిగా నొక్కేది. రెండు రోజుల తర్వాత నాకే పాఠం చెప్పింది.

"ఇది పప్పుడబ్బలకు చీటీలు అంటించుడే గదా. కందిపప్పు డబ్బల శెనగపప్పు పొయ్యనిస్తలేదు, గంతే ఫరక్."

నంబరు గడిలో అక్షరాలు ఎక్కవని ఇంతకన్నా తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. నాలుగు కోర్సులకు కట్టిన ఫీజు గుర్తొచ్చి కడుపు మండింది.

తొమ్మిది రోజుల్లో తన యాప్ తను చేసుకుంది. మొదటి గడి వాచ్‌మన్ పేరు. రెండక్షరాలు కొడితే చాలు, పేరు కిందికి దిగుతుంది, దాంతోపాటే భవనం, గల్లీ వచ్చేస్తాయి. పక్కన మెకానిక్ పేరు నొక్కితే అతని ఫోను మోగుతుంది. పని కాగానే అతను "అయిపోయింది" అని నొక్కుతాడు. నీలం రంగు తీసేసి పసుపు పెట్టింది. "మస్తుందక్కా" అన్నాడు దినేశ్. అతని నోటి నుంచి నా యాప్‌కు ఆ మాట రాలేదు.

నెలాఖరున పుణె నుంచి అనుపమగారు వచ్చారు. పుట్టింది కరీంనగర్‌లోనే అయినా, పెద్దాఫీసు నుంచి వచ్చారు కాబట్టి మాకందరికీ చెమటలు పట్టాయి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భూలక్ష్మి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పదిన్నరకు ఫోను మోగింది.

"అక్కా, నేను మొగిలయ్యను. లిఫ్టు నడిమిల ఆగింది. లోపల ఒక పెద్దమ్మ ఉన్నది."

భూలక్ష్మి రెండక్షరాలు కొట్టింది, పేరు దిగింది, నొక్కింది. "దినేశ్ వస్తుండన్నా, ఫికర్ చెయ్యకు" అని ఫోను పెట్టేసింది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. నేను గడియారం చూసి బుచ్చిబాబుగారి వైపు కళ్ళెగరేశాను. ఆయన మీసాల్లోనే నవ్వారు.

పావుగంటకు బల్కంపేట నుంచి దినేశ్ ఫోను చేశాడు.

"అక్కా, గీడ లిఫ్టు మంచిగనే నడుస్తుంది. మొగిలయ్య లేడు, వేరేటాయన ఉన్నడు. మొగిలయ్య పనిడిసి పది రోజులైందంట."

"యాడికి పోయిండంట?"

"గా ముచ్చట ఈయనకు తెల్వదంట."

భూలక్ష్మి మొగిలయ్యకు ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. నోటుబుక్కు తిరగేసింది. అందులోనూ బల్కంపేటే ఉంది. ఎక్కడో ఒక ఆడమనిషి ఇనప పెట్టెలో నిలబడి ఉంది, ఎక్కడో మాకు తెలియదు. అనుపమగారు గోడ గడియారం చూశారు. బుచ్చిబాబుగారు మళ్ళీ కళ్ళజోడు తుడుస్తున్నారు.

అయిదు నిమిషాలకు మొగిలయ్యే ఫోను చేశాడు. ఫోను కుర్చీ మీద వదిలేసి లిఫ్టు దగ్గర నిలబడి లోపలున్నావిడతో మాట్లాడుతున్నాడట.

"దినేశ్ ఇంక రాలేదేందక్కా?"

"నువ్వు ఏడున్నవ్ అన్నా?"

"అమీర్‌పేట మెట్రో ఎనక గల్లీల. పది రోజులాయె వచ్చి. ఇందాక నీకు చెప్దామనుకునేలోపట్నే ఫోను పెట్టేస్తివి గదా."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మామూలుగా అయితే ఎలా ఉన్నావన్నా, బీపీ గోలీ వేసుకున్నావా, ఇంట్లో అంతా బాగేనా అని అడిగేది. అడిగితే కొత్త చోటు సంగతి అతనే చెప్పేవాడు. ఆ రోజు మేడం చూస్తున్నారు కదా, తొందరగా పని చేసి చూపించాలనుకుంది. చూపించింది కూడా.

లోపల ఇరుక్కున్నది కమలకుమారిగారని, రిటైరైన టీచరు. బయటికి వచ్చేసరికి ఫిర్యాదు అందిన దగ్గర్నుంచి ముప్పై ఎనిమిది నిమిషాలైంది. ఆవిడ మాత్రం నిబ్బరంగానే ఉన్నారట. సంచిలో జామకాయలుంటే లోపలే రెండు తినేసి, మూడోది దినేశ్ చేతిలో పెట్టి, "ఆలస్యమైతే అయింది గానీ, తిను నాయనా" అన్నారట.

అనుపమగారు ఎవరితోనో ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళారు. నేను భూలక్ష్మి చెవి దగ్గర గుసగుసగా చెప్పాను.

"అక్కా, ఆ వరుస తీసేస్తాను. సరైన భవనంతో కొత్తది ఎక్కిస్తాను. మొగిలయ్య రెండోసారి ఫోను చేసినప్పటి నుంచి పద్దెనిమిది నిమిషాలే కనబడుతుంది. ఎవరికీ తెలియదు."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా చూస్తుందనుకున్నాను. జాలిగా చూసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఆ అమ్మ ముప్పై ఎనిమిది నిమిషాలు నిలబడ్డది వివేక్. పట్టికల పద్దెనిమిదని రాస్తే ఆమె కాళ్ళనొప్పులు తగ్గుతయా?"

ఆలస్యానికి కారణం అన్న గడిలో తనే టైపు చేసింది. "వాచ్‌మన్ జాగ మారిండు. నేను అడగలేదు. తప్పు నాది. భూలక్ష్మి." అనుపమగారు లోపలికి వచ్చేసరికి అది తెర మీద కనిపిస్తూనే ఉంది. ఆవిడ చదివారు. కుర్చీ మళ్ళీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

భూలక్ష్మి కాసేపు గడ్డం కింద చేయి పెట్టుకుని పట్టికనే చూస్తూ కూర్చుంది.

"మనిషిని జాగకు కట్టేసినం, గదే తప్పు. మనుషులను ఒక డబ్బల, జాగలను ఇంకో డబ్బల ఏసి, నడిమిల దారం కడితే? మనిషి పోతే దారం ఇప్పి ఇంకోకాడ కట్టొచ్చు. వస్తదా వివేక్?"

"వస్తుందక్కా" అన్నాను. రాకేం. రెండు పట్టికలుగా విడగొట్టి కలపడం కోచింగులో మొదటి వారం చెప్పిన పాఠం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎదురుగా అవసరం వచ్చినప్పుడు మాత్రం నాకు తోచలేదు. సిగ్గుతో తల దించుకుని ఆమెకు సాయం చేశాను. సాయంత్రం అయిదింటికి రెండు పట్టికలయ్యాయి. దాంతోపాటు "ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నరు?" అన్న గడి ఒకటి పెట్టింది. అది నింపకపోతే ఫిర్యాదు ముందుకు కదలదు. అనుపమగారు అంతసేపూ కూర్చుని చూశారు.

"రిపోర్టు సోమవారం పంపుతానండీ" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అప్పటికి గురువారం. మధ్యలో రెండు పనిదినాలు భూలక్ష్మి తల ఎత్తలేదు. నోటుబుక్కులో ఉన్నదంతా పట్టికలోకి ఎక్కించింది. ఏ గల్లీలో వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, ఏ మెషిన్ రూము తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఎవరికి చెవుడు కాబట్టి గట్టిగా మాట్లాడాలి, అన్నీ. ఇప్పుడెందుకంత తొందర అని అడిగాను.

"రేపు పుణెల ఎవరన్న ఫోనెత్తినా, మనోళ్ళకు తిప్పలు కావద్దు గదా" అంది.

నేనైతే ఆ నోటుబుక్కును ఇంటికి పట్టుకుపోయేవాణ్ణి.

సోమవారం పదకొండింటికి మెయిలొచ్చింది. బుచ్చిబాబుగారు గదిలోంచి బయటికొచ్చి, నిలబడే, తెలుగులో చెబుతూ చదివారు.

"ఏడు ఊళ్ళ ఆఫీసుల్లో ఏడాదిగా జరిగిన ఆలస్యాలన్నీ చూశాను. కారణం అన్నచోట ప్రతిసారీ సాంకేతిక లోపం అనే రాశారు. నేను అడగలేదు అని రాసింది ఒక్క పంజాగుట్టలోనే. ఇక్కడి పట్టికలో ఉన్నది నమ్మవచ్చు. ఫిర్యాదుల బల్ల అక్కడే ఉంచండి. మిగతా ఆరు ఊళ్ళకూ ఇదే పట్టిక పంపండి. వాళ్ళకు నేర్పవలసింది భూలక్ష్మిగారు."

దినేశ్ ఈల వేశాడు. బుచ్చిబాబుగారు "ఏంటిది, ఆఫీసులో" అని గదమాయించి, తనే చప్పట్లు కొట్టారు. భూలక్ష్మి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కుని మొగిలయ్యకు చేసింది.

"అన్నా, నీకొక మాట చెప్పాలె. నేను ఈడనే ఉంటున్న. పోతలేను."

మొగిలయ్య గొంతు మా అందరికీ వినబడింది. ఆ మనిషి మెల్లగా మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు.

"ఏం మాటనే గది? నువ్వు లేకుంట ఆ ఫోన్ ఎట్ల మోగుతది?"

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఏమన్నా అంటుందేమోనని అందరం చూస్తున్నాం. "బీపీ గోలీ ఏసుకున్నవా అన్నా?" అని అడిగింది.