నా బుగ్గలో మచ్చ, నాలుగు దేశాల గీతలు

చదువుకున్న మనిషి ఒకడు, చేతిలో ఫోనుతో, సొంత తెలివితో, తన కొంప తానే ఎలా ముంచుకోబోయాడో చెబుతాను. ఆ మనిషిని నేనే. మీరు నవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. నోట్లో వక్కపొడి లాంటిది ఏదైనా ఉంటే మాత్రం ముందు ఉమ్మేసి రండి. కథ అక్కడిదే.

కరోనా రెండో ఏడు. సూరత్‌లో నవాగామ్ దగ్గర అద్దె వాటాలో ఉండేవాళ్లం. నాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం, రోజు విడిచి రోజు ఆఫీసు. మిగతా రోజుల్లో ఫోనులో దేశదేశాల గ్రాఫులు చూడటమే పని. మొరటోడికి మొగలిపువ్వు దొరికితే చెవిలో పెట్టుకుని ఊరుకుంటాడేమో గానీ, గుమాస్తాకి గ్రాఫు దొరికితే ఊరుకోడు, పదిమందిని కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. మా ఆవిడ సరళ పాల ప్యాకెట్ తెమ్మంటే, "ఉండు, ఇటలీ గీత దిగుతోంది" అనేవాణ్ణి.

ఈ పాండిత్యానికి తోడు మావా ఒకటి. వక్కముక్కలు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇస్తారు ఈ ఊళ్లో. మాస్కు చాటున బుగ్గలో పెట్టుకుంటే దేవుడికి కూడా తెలియదు. సరళకి తెలిసింది. ఒకనాడు నేను ఆవలిస్తుంటే లోపలికి తొంగిచూసి కేక పెట్టింది.

"ఏవండీ, బుగ్గలో ఆ తెల్ల మచ్చేంటండీ?"

"సున్నం అంటుకుని ఉంటుందిలే."

"పళ్లు తోముకున్నాక కూడానా? శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను."

నిజం చెప్పాలంటే నాకు చాలా భయం వేసింది. నాలుకతో ఆ మచ్చని తడుముకుంటూ గదంతా తిరిగాను. భయం వేసినవాడు దేవుణ్ణి తలుచుకుంటాడు. నేను గ్రాఫుని తలుచుకున్నాను. క్యాన్సరు ఏ దేశంలో ఎందరికి వస్తోందో ఏళ్లవారీగా గీసిన బొమ్మ దొరికింది. డబ్బున్న దేశాల గీతలు చూరు పట్టుకుని వేలాడుతున్నాయి. మన గీత హాయిగా చాప మీద పడుకుని ఉంది.

"సరళా! ఇలా రా! ఆ దేశాలవాళ్లు ఊరికే పరీక్షలు చేయించుకుంటారు. అందుకే అంత క్యాన్సరు. మనం చేయించుకోం, మనకి రాదు. అసలు ప్రమాదమంతా పరీక్షలోనే ఉంది!"

"ఎవరు చెప్పారు?"

"గీత చెబుతోంది!"

"ఆ గీతకి మీ బుగ్గ సంగతి తెలుసా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు. నేను పట్టిన కుందేలుకి అసలు కాళ్లే లేవు, అయినా పరుగు పందేనికి దింపాను. క్లినిక్‌కి ఫోన్ చేసి శనివారం రావడం లేదని చెప్పేశాను. అప్పట్నుంచి సరళ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ బదులు వంటింట్లో గిన్నెలు మాట్లాడేవి.

ఇక నా తరఫున ఒక సాక్షి కావలసివచ్చాడు. మా పైవాటాలో రాజమల్లు ఉండేవాడు. సిరిసిల్ల వైపు మనిషి. పల్సానాలో మరమగ్గాల కార్ఖానాలో నేసిన బట్టని తనిఖీ చేసే పని. పిలిచి, వంటింట్లో ఉన్న సరళకి వినబడేలా కూర్చోబెట్టి, బొమ్మ చూపించి, పాఠమంతా చెప్పాను.

రాజమల్లు మాస్కు గడ్డం కిందికి లాగి, ఫోను మీదికి వంగాడు. "మంచిగనే ఉంది సార్. మరి సచ్చినోళ్ల గీత ఏది?"

"అదెందుకు?"

"జర కిందికి జరుపుండ్రి."

జరిపాను. కింద నిజంగానే ఇంకో బొమ్మ ఉంది. నేను అంతదాకా వెళ్లనే లేదు. ఆ దేశాల చావుల గీతలు ఏడాదికేడాది దిగుతూ వస్తున్నాయి. పై బొమ్మలో వాళ్లకీ మనకీ భూమ్యాకాశాల దూరం. ఇందులో అటకకీ నేలకీ ఉన్నంత కూడా లేదు.

"గిదేంది సార్? ఆడ మస్తు మందికి వచ్చి గంతమందే సచ్చుడు. మనకాడ కొంతమందికే వచ్చి గిందరు సచ్చుడా?"

నేను నీళ్లు నమిలాను. మావా లేదు కదా మరి.

"మా కార్ఖానల లైట్ బల్ల ఉంటది సార్. ప్రతి తాను దాని మీద పర్చి సూస్తం. దినాం రిజిస్టర్ నిండ మచ్చలే. పక్క కార్ఖానల సూసుడే లేదు. ఆళ్ల రిజిస్టర్ పెండ్లికొడుకు ధోతి లెక్క తెల్లగుంటది."

"చూశావా! వాళ్లే గొప్పవాళ్లు!"

"మా రెండు కార్ఖానల బట్ట కొనే సలాబత్‌పురా సేట్ ఎవల మాల్ వాపస్ కొడ్తడో అడుగుండ్రి. మాది గాదు. మచ్చ దొర్కంగనే ఆడ్నే సరిజేస్తం. ఆళ్లకు బట్ట చినిగినంకనే ఎర్కయితది. మీరు తెల్ల రిజిస్టర్ సూసి మురుస్తున్నరు సార్. జర పోయి బల్ల మీద పండుండ్రి!"

వంటింట్లో గిన్నెలు ఆగిపోయాయి. ఎన్నాళ్ల తర్వాతో సరళ నవ్వింది. క్లినిక్‌కి నేనే మళ్లీ ఫోన్ చేశాను, వచ్చే శనివారం వెళ్లాం.

అప్పటికీ బుద్ధి రాక, ఆ బొమ్మని డాక్టరుకి కూడా చూపించాను. ఆయన ఓపికగా చూసి, "అక్కడ ముసలివాళ్లు ఎక్కువ, వెతకడం ఎక్కువ, రాసిపెట్టడమూ ఎక్కువే" అన్నాడు. "అది సరే, మావా ఎన్నేళ్ల నుంచి?"

"రెండేళ్లు" అన్నాను.

"పన్నెండు" అంది సరళ.

"రోజుకి ఎన్ని?"

"ఒకటో, రెండో..."

"దిండు కింద ఖాళీ కాగితాలే ఐదు దొరుకుతాయండీ" అంది సరళ.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "ఒక్క నోటి లెక్కే ఇలా ఉంటే, మీ గీత కింద పడుకోక ఏం చేస్తుంది?"

బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇంకా క్యాన్సరు కాలేదట. మావా మానేసి, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండమన్నారు. గ్రాఫులు చూస్తూ ఇంకో రెండేళ్లు కూర్చుని ఉంటే మాట వేరేగా ఉండేదని కూడా అన్నారు. ఇంటికి వస్తూ ఆటోలో సరళ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్కు ఆ రోజు మొదటిసారి మంచి పనికి ఉపయోగపడింది.

కాబట్టి రాజమల్లు బల్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వచ్చినవాళ్ల గీతతో పాటు పోయినవాళ్ల గీత కూడా చూసేదాకా, ఏ దేశం గురించీ నోరు తెరవను. ఆరు నెలలకోసారి డాక్టరు ముందు మాత్రం, పక్కన సరళ నిలబడి "ఇంకా, ఇంకా" అంటుంటే, చెవులదాకా తెరుస్తాను.