బండి రాని సాయంత్రం

కేసముద్రం స్టేషన్‌కు అవతలి పక్క, ధాన్యం బండ్లు దిగే మైదానం దాటాక, రెండు గదుల పెంకుటింట్లో ఒక దవాఖాన ఉండేది. డాక్టరు మానుకోట నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా ఐదు రోజులూ దవాఖాన అంటే కాంపౌండరు పోశాలే.

మనిషి బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. పుట్టింది సాలోళ్ల ఇంట్లో. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవలసినవాడు, ఒక ముసలి డాక్టరు దగ్గర సీసాలు కడిగే పనికి కుదిరి, కడిగీ కడిగీ మందులు కలపడం నేర్చాడు. పని మారినా చేయి నేతగాడి చెయ్యే. అప్పట్లో నీళ్ల మందు సీసాకు పక్కన ఒక కాగితపు పట్టీ అంటించేవారు. దానికి కత్తెరతో గాట్లు పెడితే గాటుకు ఒక మోతాదు. పోశాలు పెట్టే గాట్లు పోగు లెక్కపెట్టి నేసినట్టు సమానంగా ఉండేవి. అక్షరం ముక్క రానివాళ్లు కూడా గాటు చూసుకుని తప్పు లేకుండా తాగేవారు.

ఆయన దవాఖానకు రెండు కట్టుబాట్లు. ఒకటి, ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. రెండు, డోర్నకల్ వైపు నుంచి సాయంత్రపు పాసింజరు కూత వేయగానే తలుపు మూత. ఆయనకు గడియారం లేదు, చుట్టుపక్కల ఊళ్లకూ లేదు. రెండు కోసుల అవతల తండాల్లో కూడా పొద్దును బండి కూతతోనే కొలిచేవారు.

కానీ రోగులు ఉన్నారే, వాళ్లకు పొద్దంతా దవాఖాన గుర్తుండదు. పోశాలు కత్తెర డబ్బాలో పెట్టి, తాళం కప్ప చేతిలోకి తీసుకున్నాడంటే చాలు, ఎక్కడ నక్కి ఉన్నారో తెలియదు, బిలబిలమంటూ దిగేవారు. కూరగాయలమ్మే ఎల్లక్కకు పన్ను నొప్పి గంప ఖాళీ అయ్యాకే లేచేది. హమాలీ కట్టయ్య అరికాలిలో మొల దిగితే, ఆఖరి బండి బస్తాలు దించేదాకా అదే కాలితో మోసి, అప్పుడు కుంటుకుంటూ వచ్చేవాడు.

"తెల్లారిన కాడికెళ్లి ఏం జేసిన్రు? రోగం చెప్పి రాదు గని, బండి చెప్పే వస్తది గద!" అని పోశాలు ఎగిరేవాడు.

"గిప్పుడే తీరిందన్నా" అనేది ఎల్లక్క, దవడ పట్టుకుని.

న్యాయంగా చెప్పుకోవాలంటే వాళ్లెవరూ సోమరులు కారు. పొద్దు మీద వాళ్లకు అధికారం లేదు, అంతే. ఆ పొద్దు పటేలుది, దొరది, సేటుది. అందరూ వాడుకోగా మిగిలిన కాస్త వెలుగే వాళ్లది, ఆ వెలుగులోనే దవాఖానకు రావాలి. ఈ సంగతి పోశాలుకూ తెలుసు. అందుకే తిడుతూనే తాళం తీసేవాడు, తిడుతూనే మందు పోసేవాడు. "నీ తిట్లు మింగినంక మందు చేదు తెలుస్తదా వాళ్లకు?" అని ఆయన భార్య అండాలు నవ్వేది.

నలభై ఏడు దాటి నలభై ఎనిమిది వచ్చేసరికి ఆ నవ్వు తగ్గింది. ఊళ్లలో దొరల మీద తిరగబడ్డ సంఘం, ఊళ్ల మీద రజాకార్లు, స్టేషన్ దగ్గర కొత్తగా దారి కాసే పోలీసు నాకా. నాకా మీద పైఅధికారి అమీను ఒకరోజు గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. బండి పోయిన తరువాత ఈ తలుపు తెరిచి కనబడితే, సంఘపోళ్లకు కట్లు కడుతున్నట్టే లెక్క. ఆ లెక్కన పట్టుకుపోయినవాళ్లు ఏమయ్యారో ఊరికి తెలుసు. పోశాలుకు భయం పట్టుకుంది. అప్పటిదాకా మాటకు మాత్రమే ఉన్న కట్టుబాటు ఆ రోజు నుంచి నిజం కట్టుబాటయింది.

శివరాత్రి ముందు ఒక సాయంత్రం పాసింజరు వచ్చి ఆగింది. పోశాలు తలుపు మూసి తాళం వేశాడు. బండి కదిలిపోయాక చూస్తే, పట్టాల అవతలి గట్టున ఒక లంబాడీ మనిషి భార్యను వీపున మోసుకుని, చేతిలో సీసాతో నిలబడి ఉన్నాడు. బండి అడ్డంగా ఉన్నంతసేపూ అక్కడే ఆగిపోయాడన్నమాట. పట్టాలు దాటి పరుగున వచ్చాడు. పేరు చాంద్యా. భార్య సీతాబాయికి చలిజ్వరం, కళ్లు తేలేస్తోంది.

"రేపు పొద్దుగాల రా" అన్నాడు పోశాలు.

"బండి అడ్డముండె సాబ్. లేకుంటే ఎప్పుడో వచ్చేటోన్ని."

పోశాలు నాకా వైపు చూశాడు. మెట్ల మీద జవాను ఇటే చూస్తున్నాడు. "రేపు రమ్మన్న గద" అని, తాళంచెవి బొడ్లో దోపుకుని ఇంటికి పోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే తలుపు తీసేవాడేమో.

మర్నాడు చాంద్యా రాలేదు. మెట్టు మీద అతను తెచ్చిన సీసా ఉంది. ఆకుపచ్చది, మూతి దగ్గర పెచ్చు లేచింది. మధ్యాహ్నానికి ఎల్లక్క కబురు తెచ్చింది, సీతాబాయి తండా చేరకముందే దారిలోనే పోయిందని. పోశాలు ఆ సీసాను కడిగి, దవాఖాన అటక మీద పెట్టాడు. పారేయడానికి చేతులు రాలేదు. దుమ్ము పట్టినప్పుడల్లా దించి కడిగేవాడు. "ఎన్నిసార్లు కడుగుతవ్ దాన్ని?" అని అండాలు అడిగితే ఇంకోసారి కడిగేవాడు. సీతాబాయిని నేనే చంపానన్న మాట భార్యతో కూడా అనలేకపోయాడు.

శ్రావణం వచ్చింది. మూడు రోజులుగా ముసురు, పొద్దు మొహం ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం ఎల్లక్క వచ్చింది, లవంగ నూనె దూది పెట్టించుకుని పోయింది. కట్టయ్య వచ్చాడు, కట్టు మార్పించుకుని పోయాడు. పోశాలు కత్తెర సర్దాడు, తాళం కప్ప చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కూత రాలేదు. అవతల స్టేషన్లో దీపాలు పెట్టారు. అయినా రాలేదు.

నాకా జవాను దగ్గుకుంటూ వచ్చాడు. ఆయనా అందరిలాంటివాడే. దగ్గు మందుకు మూసే వేళకే వస్తాడు.

"ఇంకా మూయలేదేంది పోశాలు?"

"బండి రాలే జవాను సాబ్."

"ఎక్కడనో పట్టాలు ఊడదీసిన్రట. ఎప్పుడొస్తదో ఖుదాకే ఎరుక. చీకటైతున్నది గద, మూసెయ్."

"అమీన్ సాబ్ హుకుం బండి పోయినంక అని. పొద్దు పోయినంక అనలేదు. బండి రాకముందే మూస్తే అదో తప్పయితది. నాకెందుకొచ్చిన పరేషాన్?" అన్నాడు పోశాలు. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. జవాను నవ్వబోయి దగ్గి, బల్ల మీద కూర్చున్నాడు.

అప్పుడు కనబడ్డాడు చాంద్యా. పరిగెత్తడం లేదు. నెత్తిన కొప్పెరగా కప్పుకున్న గొంగడి, భుజాన ఏడేళ్ల పిల్ల. మసక చీకట్లో పట్టాలు దాటి, దవాఖాన ఇంకా తెరిచే ఉంటుందన్న ధీమాతో నిమ్మళంగా నడిచి వస్తున్నాడు.

"బండి ఇంక రాలే గద సాబ్?" అన్నాడు గుమ్మంలో. "తండాల చెవి పెట్టి విన్న. కూత వినబడితే మర్లిపోదామనుకున్న. వినబడలే, వచ్చిన."

పోశాలు తాళం కప్ప పక్కన పెట్టాడు. ఆకాశంలో పొద్దు కనబడి ఉంటే, వేళ మించిందని ఈ మనిషి బయలుదేరేవాడు కాడు. బండి వేళకు వచ్చి ఉంటే సగం దారిలో వెనక్కి తిరిగేవాడు. ఒకసారి నేర్పిన పాఠం అది, నేర్పింది తనే.

"లోపటికి పట్టుకరా" అన్నాడు.

పిల్ల పేరు రామి. ఒళ్లు కాలే పెనంలా ఉంది. పళ్లు గిట్టకరిచి, మధ్యమధ్యలో "యాడీ, యాడీ" అంటోంది. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ అని పోశాలుకు తెలుసు. డాక్టరు లేడు, రెండు రోజుల దాకా రాడు. బీరువాలో చలిజ్వరానికి వేసే కునైను సూదిమందు మూడు బుడ్లున్నాయి. సూది మరగబెట్టాడు, నడుము మీద పొడిచాడు, తడిగుడ్డ నొసట వేశాడు. పన్ను సందులోంచి చెంచాతో నీళ్లు పోశాడు. ఇంకో మూడు గంటలకు రెండో సూది వేయాలి. అది వేయకుండా పంపితే మొదటిది వేసినా వేయనట్టే.

సరిగ్గా అప్పుడే దూరంగా కూత వినబడింది.

జవాను లేచి నిలబడ్డాడు. చాంద్యా కూడా లేచాడు. ఎవరూ ఏమీ అనకముందే వంగి పిల్లను ఎత్తుకోబోయాడు. పోశాలు ఆ చేతులకు అడ్డం వచ్చాడు.

"కూసో" అన్నాడు చాంద్యాతో. తాళం కప్ప, తాళంచెవి రెండూ జవాను చేతిలో పెట్టాడు. "జవాను సాబ్, బయటికి పో. తలుపుకు తాళమెయ్. చెవి నీ జేబుల పెట్టుకో. తెల్లారి మందుకు వచ్చినప్పుడు తియ్."

"మీరు లోపటనేనా? అమీన్ సాబ్ అడిగితే?"

"బండి పోయింది, దవాఖానకు తాళం పడ్డది, చెవి నా దగ్గరనే ఉన్నది అని చెప్పు. అండ్ల అబద్ధం ఏమున్నది? రోగి లోపట ఉండొద్దని హుకుంల లేదు."

జవాను తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పడుకున్న పిల్ల వైపు ఒకసారి చూశాడు. "నాకూ ఒక బిడ్డున్నది లే" అని గొణిగి బయటికి నడిచాడు. తాళం పడిన చప్పుడు వినబడింది. పోశాలు లాంతరు వత్తి తగ్గించి బల్ల కింద పెట్టాడు. కాసేపటికి అండాలు వెతుక్కుంటూ వచ్చి, కిటికీ ఊచల్లోంచి జొన్న గటక గిన్నె అందించింది. సంగతి తెలుసుకుని ఇంటికి పోయి ఇంకో గిన్నె తెచ్చింది.

తెల్లవారేసరికి రామికి చెమట పట్టింది. కళ్లు తెరిచి, కొత్త కప్పును, కొత్త మనిషిని చూసి, మంచినీళ్లు అడిగింది. రెండు లోటాలు తాగింది. జవాను వచ్చి తాళం తీసి, పిల్లను తొంగిచూసి, దగ్గు మందు అడగడం మరిచిపోయి వెళ్లాడు.

పోశాలు ఐదు రోజులకు కునైను నీళ్లు కలిపాడు. "సీసా ఏది?" అన్నాడు అలవాటుగా.

"తేలే సాబ్" అన్నాడు చాంద్యా. "నాకున్నది ఒక్కటే సీసా. గది ఆ రోజే పోయింది."

పోశాలు ముక్కాలిపీట ఎక్కి అటక మీద నుంచి ఆకుపచ్చ సీసా దించాడు. మందు నింపాడు, పట్టీ అంటించాడు. ఒక గాటు వంకరపోతే, ఆ పట్టీ పీకేసి ఇంకోటి కత్తిరించాడు. చాంద్యా సీసాను అందుకుని, మూతి దగ్గర పెచ్చును బొటనవేలితో తడిమాడు.

"గిది నాదే."

"నీదే. ఆరు నెలల సంది కడిగి పెడుతున్న. ఆ పొద్దే నింపియ్యాల్సింది. భయపడి పోయిన చాంద్యా. తప్పు నాదే."

చాంద్యా సీసాను గొంగడి మడతలో పెట్టుకున్నాడు, పిల్లను భుజానికెత్తుకున్నాడు.

"దీనమ్మకు నువ్వియ్యలే. దీనికిచ్చినవ్" అన్నాడు మెల్లగా. "రెండూ యాదికుంటయ్ సాబ్."

ఆ మాటలో కోపం లేదు, క్షమించడమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పట్టాల వెంబడి నడిచి వెళ్లాడు.

ఆ తర్వాత నెల తిరిగేసరికి యూనియన్ ఫౌజు వచ్చింది, రజాకార్లు పోయారు, అమీను ఎటో బదిలీ అయ్యాడు. పోశాలు ఇంకో పద్నాలుగేళ్లు అదే దవాఖానలో పనిచేశాడు. నోరు తగ్గలేదు. మూసే వేళకు వచ్చినవాళ్లను చివరిదాకా తిట్టిపోశాడు, లోపలికి తీసుకుని మరీ తిట్టాడు. అయితే ఒక అలవాటు కొత్తగా వచ్చింది. సాయంత్రపు బండి వచ్చి ఆగగానే అందరూ ఇళ్లకు పోయినా, ఆయన మాత్రం తాళం కప్ప పట్టుకుని మెట్టు మీదే నిలబడేవాడు. బండి ఎంతసేపు ఆగితే అంతసేపు. చివరి డబ్బా కదిలిపోయి, అవతలి గట్టున ఎవరూ లేరని కళ్లారా చూశాకే తాళం వేసేవాడు.