కట్ట ఉంటే చెరువే

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ నా మంచం పక్కన చాప పరుచుకొని కూర్చునేది. ముందర చేటలో పల్లికాయ. రెండు కాయలు ఒలిచి, మూడోది ఒలిచేలోపు అడిగేది.

"ఈ పొద్దు ఏ ఊరి నీళ్లే బిడ్డా?"

నేను ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పేదాన్ని. ఆకాశం నుంచి తీసిన నీళ్ల బొమ్మలు. ఒక్కోరోజు రాజోలి దగ్గర తుంగభద్ర, ఇసుక నడుమ పాయలుగా విడిపోయి మళ్లీ కలుసుకుంటూ. ఒక్కోరోజు నాగర్‌కర్నూల్ పక్క కుంటలు. ఎక్కువగా మాత్రం మేమెన్నడూ పోని, పోబోని దేశాల నీళ్లు. కొన్ని నల్లగా, కొన్ని పాలు కలిపినట్టు, కొన్ని ఎర్రమట్టి రంగులో ఉండేవి. అమ్మ చూస్తూ చూస్తూ చేతిలో కాయ మరిచిపోయేది. గింజలు చేటలో కాక ఒళ్లో పడేవి.

నా పని చెబితే మా ఊళ్లో నవ్వేవాళ్లు. పాన్‌గల్ పక్క పల్లె మాది. వనపర్తిలో పది రోజులు నేర్పించి నాకిచ్చిన పని ఆ బొమ్మల్లో నీళ్ల చుట్టూ గీత గీయడం. ఇది చెరువు, ఇది పొలం, ఇది ఇసుక అని రాయడం. మాలాంటివాళ్లు గీసిన వేల గీతలు చూసి కంప్యూటర్ తనంతట తానే నీళ్లను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఏ చెరువు నిండుతుందో, ఏది ఎప్పటికి ఎండుతుందో ముందే చెబుతుంది. ఐదారు దేశాలు కలిసి తలకెత్తుకున్న పని ఇది. అందులో ఒక నియమం ఉండేది. ప్రతి బొమ్మనూ ఇద్దరు గీయాలి. ఒకరు ఆ దేశం వాళ్లు, ఒకరు దూరదేశం వాళ్లు. గీతలు కలవకపోతే ఇద్దరూ మాట్లాడుకొని కలుపుకోవాలి. ఇద్దరూ 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కితేనే ఆ బొమ్మ కంప్యూటర్‌కు పాఠమవుతుంది.

నాకు ఎక్కువగా జోడీ కెన్యాలో ఒకామె. ముఖం ఎరగను. ఆమె తన భాషలో రాస్తే యంత్రం దాన్ని తెలుగు చేసి నాకిచ్చేది. అదేం తెలుగో! "గౌరవనీయ సోదరీ, ఈ ఆకుపచ్చ పదార్థము యొక్క స్వభావము ఏమిటి?" అని వచ్చేది. చదివి వినిపిస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. నా మాటలు ఆమెకు ఏ వేషంలో చేరేవో దేవుడికే ఎరుక.

అమ్మకు ఆ బొమ్మల మీద అంత మోజు ఎందుకో నాకు తెలుసు. ఆమె బతుకంతా మట్టి మోసింది. పెళ్లయిన ఏడాదే మేస్త్రి గుంపుతో లారీ ఎక్కింది. కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్, ఎక్కడ కట్ట కడితే అక్కడ గుడిసె. నేను పుట్టింది కూడా ఏదో ఒక కట్ట మీదే. ఆ ఊరి పేరు ఆమెకు గుర్తులేదు, మా నాయన ఉంటే చెప్పేవాడేమో. అయితే ఇన్ని కట్టలు కట్టిన మనిషి ఒక్క కట్టకు కూడా నీళ్లు తగలడం చూడలేదు. పని అయిపోగానే మేస్త్రి ఇంకో ఊరికి తోలుకుపోయేవాడు. నీళ్లు వీళ్ల వెనకాల ఎప్పుడో వచ్చేవి.

మోకాళ్లు అరిగాక ఊరికి తిరిగొచ్చింది. మాకు పట్టా భూమి లేదు. ఊరి చెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటే, దాని కడుపులో బయటపడ్డ నేలలో ఒక చెక్క దున్నుకుంది. చెరువు కడుపులోని ఆ నేలను మా దగ్గర శిఖం అంటారు. నీళ్లు రానంత కాలమే అది మనది. తొలి వానకు పచ్చజొన్న చల్లేది, గట్టున దోస పెట్టేది. మాకు భూమి అంటే అంతే. అయినా ఆ జొన్న రొట్టె తిన్నప్పుడల్లా, "నా చేను" అనేది. ఆ రెండు మాటలు అనడానికి ఆమెకు యాభై ఏళ్లు పట్టింది.

ఒకనాటి మధ్యాహ్నం కెన్యా బొమ్మ వచ్చింది. ఎర్రటి బీడు, నడుమ తెల్లటి మరకలు. నేను 'ఖాళీ నేల' అని రాయబోతుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏందే గట్ల రాస్తున్నవ్? గిది చెరువు."

చుక్క నీరు లేదు కదమ్మా అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేర్చుకున్నది నేనా నువ్వా అని కూడా అన్నాను. ఆమె పట్టించుకోలేదు. పల్లి పొట్టు అంటిన వేలితో తెర మీద ఒక వంపు చూపించింది. ఆ వంపు నడుమ లావుగా, కొసలకు సన్నగా ఉంది. ఒక కొసన చిన్న గండిలాంటిది. అదే అలుగు అని, ఎక్కువైన నీళ్లు అటు పొర్లి పోతాయని చెప్పింది.

"మట్టి తనంతట తాను గిట్ల వంగదు బిడ్డా. ఎవరో మోసిన్రు. కట్ట ఉంటే చెరువే, నీళ్లు ఉన్నా లేకున్నా."

నేను నమ్మక కెన్యా ఆమెకు రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. అది ఆమె అమ్మమ్మ ఊరట. ఆ కట్టకు అమ్మమ్మ కూడా మట్టి మోసిందట. నీళ్లు రాక ఏళ్లయిందట. అందరూ దాన్ని బీడు అనే రాస్తున్నారట, తనకు కూడా అలవాటై వదిలేసిందట. "మీ మాతృమూర్తి యొక్క నేత్రములకు వందనము" అని ముగించింది. మా ఇద్దరి మాట పైదాకా పోయి, ఆ నెలలోనే అన్ని దేశాల వాళ్ల నియమాల్లో కొత్త వాక్యం ఒకటి చేరింది. కట్ట కనిపిస్తే, నీళ్లు లేకపోయినా చెరువుగానే గీయాలి. అమ్మ ఆ సంగతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరికీ చెప్పుకుంది. తట్ట మోసిన నెత్తికి ఇన్నాళ్లకు ఒక గౌరవం దొరికినట్టు నడిచింది.

ఆ రోజుల్లో నాకు నీళ్ల కలలు వచ్చేవి. పొద్దంతా నీళ్లు చూసి చూసి మధ్యాహ్నం కాసేపు కన్ను మూస్తే, మా ఇంట్లోకి చప్పుడు లేకుండా నీళ్లు వచ్చేవి. మంచం కోళ్ల చుట్టూ తిరిగేవి. అమ్మ చేట తేలుకుంటూ గడప దాటిపోయేది. భయం వేసేది కాదు. లేచాక నేల పొడిగా ఉంటే మాత్రం దిగులుగా ఉండేది.

వానలు మొదలైన రెండు నెలలకు వనపర్తి నుంచి మా పని చూసే మేడమ్ ఫోన్ చేసింది. ఈసారి కాలువ నీళ్లు ఏ చెరువులకు మళ్లించాలో ఈ మ్యాపు చూసే నిర్ణయిస్తారని, జాగ్రత్తగా గీయమని చెప్పింది. మన పని పనికొస్తోంది కదా అని నేను మురిసిపోయాను. ఆ మురిపెం వారం కూడా నిలవలేదు.

మా ఊరి చెరువు నా తెర మీదికి వచ్చింది. ముందు నేనే గుర్తుపట్టలేదు. కట్ట నిండా సర్కారు తుమ్మ పెరిగి, పైనుంచి చూస్తే చెట్ల వరుసలాగే ఉంది. చెరువు కడుపంతా ఆకుపచ్చ. కెన్యా ఆమె అప్పటికే గీసేసింది. 'పొలం' అని రాసింది. కింద ఎప్పటిలాగే అడిగింది. తనకు కట్ట కనిపించలేదట, దగ్గర ఉన్నదాన్ని కనుక నేనే చెప్పాలట.

నేను ఒప్పుకుంటే చాలు. మా చెరువు పొలమైపోతుంది. కాలువ నీళ్లు ఇంకో ఊరికి పోతాయి, అమ్మ చేను అమ్మకుంటుంది. జొన్న అప్పుడే కంకికి పాలు పోసుకుంటోంది. అలాగని కట్ట కింద పొలాలున్న వాళ్లు పదేళ్లుగా ఆకాశం చూస్తున్నారు, ఊళ్లో బోర్లు బురద కక్కుతున్నాయి. మింగలేక కక్కలేక రెండు రోజులు ఆ బొమ్మను పక్కన పెట్టాను. అమ్మ అడిగితే ఎక్కడెక్కడివో పాత బొమ్మలు చూపించాను. మూడో రోజు ఆమే అంది, నిన్న చూపినవే మళ్లీ చూపిస్తున్నావని. ఆ కళ్ల దగ్గర దాచడం నా తరమా?

చూపించాను. చాలాసేపు చూసింది. పెద్ద బండ పక్కన ఒక ఆకుపచ్చ ముక్క మీద వేలు పెట్టింది.

"గిదేనా నా చేను? ఇంత పిసరంత ఉన్నదా?"

ముఖమంతా వెలుగు. నేను అసలు సంగతి చెప్పాను. చెరువని రాస్తే ఏమవుతుందో, పొలమని ఒప్పుకుంటే ఏమవుతుందో. ఆ వెలుగు పోతుంటే చూడలేక తల తిప్పుకున్నాను.

"పొలమని రాయి," అంది అమ్మ. ఎవరి మీదో కోపం వచ్చినట్టు చేట విసురుగా తీసుకొని లోపలికి పోయింది.

నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పలేను. ఆమె మాట మీద అప్పటికే ఎన్నో దేశాల ఎండిన చెరువులు మళ్లీ చెరువులయ్యాయి. ఈ ఒక్కటి కాకుంటే ఏం పోయింది అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. నొక్కకుండానే ల్యాప్‌టాప్ మూసేశాను.

మర్నాడు అమ్మ పొద్దున్నే చేనుకు పోయి ఎండ ఎక్కాక వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చుంది. చేతిలో ఒక పాలకంకి ఉంది. దాన్ని గోటితో గిల్లుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నువ్వు పుట్టకముందు కరువుల ఆ కట్టకు నేను గూడ మోసిన. నెల రోజులు. గా కెన్యా బిడ్డ చెరువుకు చెప్పిన మాట మన చెరువుకు గాదా?" కంకి గడప మీద పెట్టింది. "చెరువని రాయి. నా చేను సంగతి నాకు ఇడిసిపెట్టు."

రాశాను. తుమ్మల కింద దాగిన కట్ట పొడవునా, అలుగు దాకా, మెల్లగా గీశాను. గీత అమ్మ చేను చుట్టూ తిరిగి వచ్చి మూసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. దీనికి నేనా దొరికాను అని కంప్యూటర్‌నూ, ఆకాశాన్నీ, అన్ని దేశాలనూ కలిపి తిట్టుకున్నాను. కెన్యా ఆమె, లోపలి ఆకుపచ్చ ఎవరిదని అడిగింది. మా అమ్మది అని రాశాను. ఆ రోజు ఆమె నుంచి ఏమీ రాలేదు. మరునాడు 'ఒప్పుకుంటున్నాను' మాత్రం వచ్చింది.

నీళ్లు మూడు వారాలకు వచ్చాయి. ఒక పొద్దున చెరువు వైపు నుంచి కొంగల గుంపు లేస్తే చూడబోయాం. పాత వాగు బాటన సన్నటి నాలుకలాగా నీళ్లు వస్తున్నాయి. ముందర నురుగు, ఎండుటాకులు, చీమలు. చప్పుడే లేదు. నాగలి చాళ్లలోకి ఒక్కొక్కటిగా దిగి, ఏదో వెతుక్కుంటున్నట్టు ఆగి, మళ్లీ కదిలేవి. అమ్మ సగం చేను ముందే పచ్చిగా కోసి పక్కింటి బర్రెలకు వేసింది. మిగతా సగం కొయ్యడానికి చేతులు రాలేదంది. ఆ జొన్న నీళ్లలో నిలబడి ఊగుతూ ఉంటే ఎంతసేపు చూశామో తెలియదు. ఇంటికొచ్చి మూడు రోజులు అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. చెరువు దిక్కుకే పోలేదు. చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది నీ సంగతి అని నేనే నవ్వించబోయాను. నవ్వలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మనిషి కనిపించకపోతే వెతుక్కుంటూ పోయాను. కట్ట లోపలి దిక్కు రాళ్ల మీద కూర్చుని ఉంది. నీళ్లు కట్టకు ఆనుకున్నాయి. చిన్న అలలు మట్టిని తాకి, వెనక్కి పోయి, మళ్లీ తాకుతున్నాయి. ఆమె ఒక చెయ్యి కట్ట మీద, తడికీ పొడికీ నడుమ పెట్టుకొని ఉంది. నేను పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"ఆనినయ్ చూడు," అంది.

చలికాలంలో మా చెరువు కొత్త బొమ్మ వచ్చింది. ఈసారి తుమ్మల నడుమ అంతా నలుపు కలిసిన నీలం. కెన్యా ఆమె ముందే గీసి, 'చెరువు, నీళ్లతో' అని రాసి పెట్టింది. అమ్మ తన చేను ఉండే చోట వేలు పెట్టి చూసుకుంది. అక్కడ బండ కూడా కనిపించడం లేదు. నేను ఆ వేలు పట్టుకొని 'ఒప్పుకుంటున్నాను' మీద పెట్టాను. ఎన్నో కూలి లెక్కల మస్టర్లలో నిశానీ వేసిన వేలు. ఆమే నొక్కింది.

తర్వాత చేట దగ్గరికి లాక్కొని ఒక కాయ ఒలిచింది. కెన్యాలో అమ్మమ్మ ఊరి చెరువుకు నీళ్లొచ్చాయేమో అడగమంది. అడిగాను. ఆమె తెర ముందే ఉన్నట్టుంది, కాసేపటికే జవాబు వచ్చింది. ఇంకా రాలేదట. ఇక వస్తాయన్న నమ్మకం కూడా పోయిందట.

చదివి వినిపించాను. అమ్మ చేతిలో గింజ అలాగే ఉంది.

"కట్ట ఉన్నదా అడుగు."

అడిగి, ఉందట అన్నాను.

"ఉంటే వస్తయ్ అని రాయి," అంది అమ్మ. "నేను చెప్పిన అని రాయి."