ట్యాంకు మీద తెల్ల చారలు

2012 జనవరిలో మా కంపెనీ నన్ను న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రాంతానికి సీనియర్ ఎస్టిమేటర్‌గా వేసింది. ఇళ్ళకు బాయిలర్లు బిగించే కంపెనీ మాది. ఎస్టిమేటర్ అంటే బేరగాడు కాదు, అలాగని మెకానిక్కూ కాదు. ఇంటికి వెళ్ళి గదులు కొలిచి, కిటికీలు చూసి, చలికాలంలో ఆ ఇంటికి ఎంత వేడి కావాలో లెక్కగట్టి, ఏ యంత్రం పెట్టాలో సంతకం చేసి చెప్పేవాడు. అతని లెక్క తప్పితే ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకుని అతణ్ణి తిట్టుకుంటారు. అక్కడ తెలుగు కస్టమర్లు ఎక్కువ కాబట్టి నాకు పని సులువవుతుందని మా మేనేజరు నమ్మకం. మనవాళ్ళతో బేరం ఆయన ఎప్పుడూ చేయలేదు మరి.

మొదట వచ్చిన ఫైలు ప్రసాద్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజర్‌ది. బేస్‌మెంట్‌లో పాత బాయిలర్‌కు కాలం చెల్లింది, మార్చక తప్పదు. దేనితో మార్చాలన్నదే ప్రశ్న. మామూలు పద్ధతిలో బాయిలర్ పక్కన వేడినీళ్ళు నిలవ ఉంచే ట్యాంకు ఉంటుంది. కాంబి బాయిలర్‌కు ట్యాంకు ఉండదు. గోడకు తగిలించే పెట్టె అది. కుళాయి తిప్పగానే అప్పటికప్పుడు నీళ్ళు కాచి ఇస్తుంది, ఇంటినీ అదే వెచ్చబెడుతుంది. చోటు కలిసొస్తుంది, గ్యాసు ఆదా అవుతుంది. కాకపోతే అందరూ ఒకేసారి స్నానాలకు దిగితే అందరికీ గోరువెచ్చని నీళ్ళే.

ట్యాంకు గట్టిగా ఉంటే దాన్ని ఉంచి, పక్కన కొత్త మామూలు బాయిలర్ పెట్టొచ్చు. కారుతుంటే కాంబి మేలు. ఫైల్లో మా మెకానిక్ ఏటేటా ఒకటే రాశాడు: ట్యాంకు పైనుంచి కిందికి తెల్ల చారలు, సన్నటి లీకు అనుమానం. కారిన నీరు ఆరిపోతే అందులోని సున్నం తెల్లగా మిగులుతుంది. మా వృత్తిలో మొదట నేర్పే పాఠం అదే.

నేను వెళ్ళవలసింది మధ్యాహ్నం. మంచు పడేలా ఉందని ప్రసాద్‌కు ఫోన్ చేసి పొద్దున్నే వెళ్ళాను. ఆ సంగతి అతను భార్యకు చెప్పలేదు. తలుపు తీసిన సుజాత నన్ను చూసి తెల్లబోయింది. నేను బూట్లు విప్పేలోపే బేస్‌మెంట్‌లోకి పరుగెత్తింది.

"టెన్షన్‌లో ఉందంకుల్" అన్నాడు ప్రసాద్. "రేపు వాళ్ళ ఫ్రెండ్ సీమంతం. మొత్తం ఇడ్లీలు తనే తెస్తానని ఒప్పుకుంది. ఈ చలిలో ఇంత మెత్తటి ఇడ్లీ ఎడిసన్‌లో ఎవరికీ రాదు, తెలుసా?"

మేం దిగేసరికి ఆమె ట్యాంకుకు అడ్డంగా నిలబడి ఉంది. ట్యాంకు నెత్తిన ఒక మందపాటి దుప్పటి, దాని కింద మూరెడు ఎత్తున గుండ్రటి ఆకారం. అదేమిటమ్మా అని అడిగాను. "ఇన్సులేషన్ అంకుల్. వేడి పోవద్దని నేనే కప్పిన" అంది.

ప్రసాద్ బేస్‌మెంట్‌లోనే ఉన్న టీవీలో స్లైడ్లు పెట్టాడు, రెండు యంత్రాలకూ మార్కులేసిన పట్టికతో సహా. నా పాతికేళ్ళ సర్వీసులో బాయిలర్ గురించి నాకే ప్రెజెంటేషన్ ఇచ్చిన కస్టమర్ అతనొక్కడే. ట్యాంకు తీసేస్తే ఆ చోటులో రిక్లైనర్లు వేసి హోమ్ థియేటర్ పెట్టాలని అతని కోరిక. "డెసిషన్ మ్యాట్రిక్స్ చేశానంకుల్. కాంబి క్లియర్ విన్నర్."

సుజాత ఒక్కొక్క అభ్యంతరమే తెచ్చింది. చుట్టాలొస్తే నీళ్ళు చాలవంది. పెద్ద సైజు కాంబి తీసుకోవచ్చన్నాను. కరెంటు పోతే ఎలా అంది. కరెంటు పోతే రెండూ ఆగుతాయన్నాను. నేను నిజం చెప్పిన కొద్దీ ఆమె మొహం వాడిపోయింది. చివరికి, "ఆ కాంబి పైన వెచ్చగ ఉంటదా అంకుల్?" అని అడిగింది.

అస్సలుండదని గొప్పగా చెప్పాను. వేడి బయటికి పోదని, పక్కన నిలబడితే నడుస్తున్నట్టు కూడా తెలియదని, ఈ గది చల్లగా ఉంటుందని వివరించాను. ఆమె మెట్టు మీద కూలబడింది.

అంతలో దుప్పటి కింద మూత జారిన చప్పుడైంది. ట్యాంకు పక్కనుంచి తెల్లటి ధార ఒకటి నింపాదిగా దిగింది.

"చూశారా అంకుల్, లైవ్ లీక్" అంటూ ప్రసాద్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

నేను పద్ధతి ప్రకారం నీటి పరీక్ష పట్టీ తీశాను. అది అంటుకుపోయింది. వేలితో తీసి చూస్తే బుడగలున్నాయి. వాసన చూశాను. పుల్లగా ఉంది. ఖనిజాలు కావు, మినప్పప్పు.

దుప్పటి తీస్తే పెద్ద స్టీలు గిన్నె, దాని నిండా పొంగిన పిండి. చలికాలంలో ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా పొంగని పిండి ఈ ట్యాంకు నెత్తిన మాత్రం పొంగుతుందని సుజాత ఒప్పుకుంది. దగ్గర్లో ఏ వస్తువూ ఉంచరాదని మా మెకానిక్ ఎర్ర కాగితం అంటించి పోయాడు కాబట్టి, అతను వచ్చిన ప్రతిసారీ గిన్నె దాచేసేది. మరకలు మాత్రం గోకినా పోలేదు. "నా ఇడ్లీలకు ఒక పేరుంది అంకుల్. ట్యాంకు తీస్తే ఆ పేరు పోతది."

ప్రసాద్ వీడియో ఆపాడు. "కాంబి మీద పెడితే పొంగదా అంకుల్?" అని మెల్లగా అడిగాడు. పొంగదన్నాను. అతను స్లైడు వైపు కాసేపు చూసి, "మ్యాట్రిక్స్‌లో ఈ కాలమ్ లేదు" అని టీవీ కట్టేశాడు.

ట్యాంకు పరీక్షించాను, చుక్క కారడం లేదు. దాన్ని ఉంచి మామూలు బాయిలరే పెట్టమని రాశాను. గిన్నె మాత్రం ట్యాంకు మీద ఉండకూడదు, రూలు రూలే. థర్మామీటరుతో గదంతా తిరిగి, బాయిలర్‌లో మంట మండే బర్నర్‌కు తగినంత దూరంలో, ఎదుటి గోడకు పైన ఒక వెచ్చటి చోటు చూసి అక్కడ అర బిగించుకోమన్నాను. ఆ వదలాల్సిన దూరాన్నే మేం క్లియరెన్స్ అంటాం; ఇడ్లీ పిండికి క్లియరెన్స్ కొలిచింది సర్వీసు మొత్తంలో ఆ ఒక్కసారే. గిన్నెలో మిగిలిన పిండే సీమంతానికి సరిపోయిందట. ఇడ్లీలకు మంచి పేరే వచ్చిందని ప్రసాద్ ఫోన్ చేసి చెబితే నాకు చాలా సంతోషమేసింది.

రిపోర్టులో మరకలకు కారణం అన్నచోట ఆహార పదార్థం అని రాశాను. మేనేజరు పిలిచి, ఒక కాంబి అమ్మకం పప్పు వల్ల పోయిందా అని అడిగాడు. రవ్వ కూడా ఉందని చెప్పాను.

ట్యాంకు నుంచి గదిలోకి పోయే వేడిని మా లెక్కల్లో నష్టం కింద రాస్తాం. ఆ నష్టాన్ని ఇంట్లో ఎవరైనా వాడుకుంటున్నారేమో కనుక్కోకుండా యంత్రం మార్చమని చెప్పకూడదు. తెల్ల చార కనిపిస్తే ముందు వాసన చూడాలి, పరికరాలు తర్వాత తీయాలి.