బెదిరించడానికి కొన్న కంప్రెసర్

ఆవిడ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. కంపెనీలు ఒకదాన్నొకటి ఎలా బెదిరిస్తాయి, ఎప్పుడు తోక ముడుస్తాయి అన్నది ఆవిడ పరిశోధన. పిల్లలు ‘సమీకరణం మేడమ్’ అనేవారు. ఇంట్లో ఆవిడతో వాదనకు దిగేది మరిది ఒక్కడే. ఓడిపోయి, కంచం ముందునుంచి విసురుగా లేచిపోయేవాడు.

భర్త, మరిది కలిసి చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీ నడిపేవారు. ఇద్దరికీ చెడింది. మరిది తన వాటా తీసుకుని, రోడ్డుకు అవతల సొంత ఫ్యాక్టరీ పెడతానన్నాడు. భర్తకు గుండె జారింది.

“ఇంకో పెద్ద కంప్రెసర్ దింపండి,” అంది ఆవిడ. “అవసరం లేకపోయినా సరే. పోటీకొస్తే రెట్టింపు ఐసు తీసి ధర నేలకు దించేస్తామని అతనికి తెలియాలి. నష్టమని తెలిశాక ఎవడు దిగుతాడు?”

“వాడు దిగుతాడే. నా తమ్ముడు వాడు.”

“తమ్ముడైనా లెక్క లెక్కేనండీ.”

కంప్రెసర్‌ను రేవంతా చూసేలా పట్టపగలు క్రేన్‌తో దింపించారు. మరిది కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఇది ఐసు కోసం కాదు, నా కోసం కదూ వదినా?”

“నీ మంచికే. దిగితే మునుగుతావు.”

“మునుగుతాను. మీ ఆయన పీక పట్టుకుని మరీ మునుగుతాను.”

అన్నంత పనీ చేశాడు. రోడ్డుకు రెండు పక్కలా ఐసు చవకైపోయింది. అన్నదమ్ములు కాలిపోతుంటే మన చేపలు చల్లగా ఉన్నాయని పడవలవాళ్ళు నవ్వుకున్నారు. ఇద్దరూ నష్టపోతున్నారు, ఎవరూ తగ్గరు. ఆవిడ లెక్కలో పగకు చోటు లేదు.

చివరికి మరిది, చిన్న వ్యాపారుల గోడు వినే ప్రభుత్వ కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. దానికి వదినగారి వ్యాసమే జతచేశాడు. అక్కర్లేని యంత్రాలు కొని పోటీదారులను భయపెట్టే సంస్థలకు జరిమానా వేయాలని ఆవిడే అందులో వాదించింది.

“ఇది మీరు రాసిందేనా?” విచారణలో అధికారి ఆవిడను అడిగాడు.

“నేనే.”

“ఇప్పటికీ ఇదే మాట మీద ఉన్నారా?”

పక్క కుర్చీలోంచి భర్త ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఫిర్యాదు వీగిపోవడానికి ఒక్క ‘లేను’ చాలు.

“ఉన్నాను.”

జరిమానా పడింది. కంప్రెసర్‌కు సీలు వేశారు. బయటికొచ్చాక భర్త ఆవిడతో కారెక్కలేదు.

“వాడు శత్రువని ఎప్పుడో తెలుసు. నీ సంగతి ఇవాళ తెలిసింది,” అన్నాడు.

ఆవిడకు చెప్పకుండా ఫ్యాక్టరీని తమ్ముడికే అమ్మేసి, తన అక్కగారింటికి వెళ్ళిపోయాడు. రేవులో ఇక ఐసు అమ్మేవాడు మరిది ఒక్కడే. వారం తిరక్కుండా ధర ఆకాశానికెక్కించాడు. పడవలవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టినా, కొనక తప్పేది కాదు.

ఆవిడ తన పేరు మీదే అతనిపై ఫిర్యాదు రాసి, అదే కమిటీకి ఇచ్చింది. ఆపమని భర్త ఫోన్ చేశాడు. “ఆ రోజు మార్చని మాట ఇవాళ మార్చలేను,” అని పెట్టేసింది.

విచారణ రోజున వరండాలో మరిది ఎదురయ్యాడు. మనిషి చిక్కిపోయాడు గానీ, నోరు మాత్రం చిక్కలేదు.

“కాపురం ఎలాగూ కూలింది. ఇంకా దీనివల్ల నీకేం ఒరుగుతుంది వదినా?”

“ఏమీ ఒరగదు. దారి వదులు.”

అతను కదల్లేదు. ఆవిడ భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళింది.