కడిగితే పోయే ఇల్లు

ఎవరి కారవాన్ అయినా సరే, తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చానంటే ఆ కుటుంబం జాతకం చెప్పేస్తాను. పిల్లలెంతమందో, పోయిన చలికాలం ఎడారిలో ఏం వండుకు తిన్నారో, ఆలుమగలకు మాటలున్నాయో లేవో అన్నీ తెలిసిపోతాయి. సాల్మియాలో మనవాళ్లు నలుగురు కలిసినచోటల్లా నేను ఈ మాట చెబుతుంటాను. వాళ్లూ నోరు తెరుచుకుని వింటారు. ఇందులో నిజం వంట సంగతి వరకే. మిగతాదంతా నేను చేర్చిందే.

ఇక్కడ కువైట్‌లో చలి మొదలవగానే కుటుంబాలకు కుటుంబాలు ఎడారికి పోయి గుడారాలు వేసుకుంటాయి. గుడారం పక్కన కారవాన్ ఉంటుంది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. ఎండలు ముదిరేలోపు గుడారాలు పీకేస్తారు. మోజు తీరినవాళ్లు పాత కారవాన్ ఇచ్చేసి వేరేది పట్టుకుపోవడానికి అమ్ఘరాలో మా యార్డుకు వస్తారు. చుట్టూ తుక్కు ఇనుము, మధ్యలో మా కారవాన్ల వరస. వచ్చిన పాతవాటిని కడిగి, తుడిచి, మళ్లీ అమ్మకానికి నిలబెట్టే పని నాది. రాయచోటి పక్క పల్లెలో గొర్రెల దొడ్లు ఊడ్చిన చేతులు కాబట్టి నాకు ఈ పని కష్టమనిపించలేదు. దొడ్డి కన్నా కారవానే అధ్వానమని మాత్రం తర్వాత తెలిసింది.

ఒకసారి మంచం కింద ఒంటె పిల్ల దొరికిందని ఊళ్లోవాళ్లకు ఫోన్‌లో చెప్పాను. బతికే ఉందనీ, నన్ను చూసి అరిచిందనీ కూడా చెప్పాను. నిజానికి అది మేకతోలు. సరే, తోలు కూడా కాదు. ఏదో ఒలికి, ఎండి, తోలులాగా బిర్రబిగుసుకుపోయిన కంబళి.

మామూలుగా దొరికేవి చెబుతాను. కిటికీ అద్దం జరిగే గాడిలో ఇసుక పేరుకుపోయి ఉంటుంది. సింకులో ఖర్జూరం గింజలు, పరుపుల సందుల్లో గుమ్మడి గింజల పొట్టు, పొయ్యి వెనక నల్లగా కాలిన జిడ్డు. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో ఎప్పటివో విరిగిన పాలు. మరుగుదొడ్డి తొట్టి గురించి చెప్పను, మీరు అన్నం తినాలి కదా. కొందరు తెలివైనవాళ్లుంటారు. తేవడానికి ముందు లోపల బుఖూర్ సాంబ్రాణి వేసి తలుపులు మూసేస్తారు. తలుపు తీయగానే ఆ పొగ గుప్పుమంటే యార్డు యజమాని నా వంక చూస్తాడు. ఆయనే నా కఫీల్, నా వీసాకు పూచీదారు. అందరం బాబా అంటాం. నేను మాట్లాడకుండా నేరుగా పోయి ఫ్రిజ్ రబ్బరు విప్పి చూపిస్తాను. ధర తగ్గుతుంది. వాళ్లను తప్పు పట్టలేను. ఇచ్చేసే ఇంటిని ఎవరు కడుగుతారు?

నా భార్య సాల్మియాలో ఒక ఇంట్లో పని చేస్తుంది; ఆ ఇంటావిడను మామా అంటుంది, ఇక్కడ అమ్మగార్లను అలాగే పిలవాలి. ఒకే దేశంలో ఇద్దరం ఉన్నాం, ఇద్దరికీ కలిపి ఇల్లు లేదు. ఆమెకు ఆ ఇంట్లో వంటగది వెనక గది, నాకు నలుగురైదుగురు మగవాళ్లతో పంచుకునే గదిలో ఒక మంచం. శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు సెలవు. సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్లం. ఎండాకాలం పెద్ద షాపుల వరండాల్లో చల్లగా ఉంటుందని అక్కడికి పోయేవాళ్లం, ఏమీ కొనకుండా ఎంతసేపు కూర్చుంటాం? సెక్యూరిటీ అతను రెండోసారి పక్కనుంచి నడిచిపోయాడంటే లేవాలని మాకే అర్థమయ్యేది. పెళ్లయి ఇన్నేళ్లయినా, తలుపు వేసుకుని పది మాటలు మాట్లాడుకునే చోటు లేదు మాకు.

యార్డు మూలలో ఇరుసు విరిగిన కారవాన్ ఒకటి పడి ఉండేది. ఎవరూ కొనరు, లాక్కుపోవడానికీ లేదు. కాపలాకు కూడా పనికొస్తానని బాబా దాన్ని నాకిచ్చాడు. నాకు విల్లా ఇచ్చాడని అందరికీ చెప్పుకున్నాను. రెండు బస్సులు మారి నా భార్య మొదటిసారి వచ్చినప్పుడు గడప దగ్గరే నిలబడిపోయింది.

“ఏందయ్యా ఇది? ఊరందరి కారవాన్లు కడిగేవోడివి, నీది ఇట్లా పెట్టుకున్నావ్?”

“ఇది యిల్లు గాదే, బండి.”

“బండయితే తోలుకుంటా పో. యిల్లయితే చెప్పులు బయట ఇడ్సిపెట్టు.”

విడిచిపెట్టాను. ఆ రోజు నుంచి ఆ కారవాన్‌లోకి చెప్పులతో అడుగుపెట్టిన ప్రాణి లేదు. ఇక్కడివాళ్లు కారవాన్‌లోకి బూట్లతోనే ఎక్కుతారు, అందుకే ఎంత కొత్తదైనా నేల మొదట పాడవుతుంది. మా నేల అద్దంలా ఉండేది. కిటికీ గాడిని ఆమె పాత పళ్ల బ్రష్షుతో తోమేది. లోపల చేప వండనిచ్చేది కాదు, బయట రాళ్ల మీదే. యార్డులో వెల్డింగ్ చేసే కడప కుర్రవాడు మా గడప దగ్గర నిలబడి వెక్కిరించేవాడు.

“చిన్నాయనా, మీ ఇంట్లోకి రావాలంటే ఆపరేషన్ థియేటర్లోకి పోతాండట్టుంది. మొగానికి గుడ్డ గూడా కట్టుకోవాల్నా?”

“నువ్వు కాళ్లు కడుక్కోని రా నాయనా, అంతే చాలు” అనేది ఆమె.

శుక్రవారం సాయంత్రాలు ఆమె వండేది, నేను కోతలు కోసేవాణ్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఊరికి పోయేదాకా ఇలా గడిచిపోతే చాలనుకున్నాం. అంతకన్నా పెద్ద కోరిక మాకు లేదు.

ఈ ఏడాది గుడారాల కాలం ముగిసేసరికి యార్డు నిండిపోయింది. వరసలో ఉన్న వాటిలో ఒక్కటీ ఇంకా కడగలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆలుమగలు ఒక పెద్ద కారవాన్ లాక్కుని వచ్చారు. దాన్ని ఇచ్చేసి కొంచెం చిన్నది తీసుకుంటారట. బాబా దారిలో ఉన్నానని, వాళ్లను పోనివ్వొద్దని ఫోన్ చేశాడు. ఆ ఇంటావిడ వరసలో ఒక్కో తలుపూ తీసి, ముక్కు మూసుకుని, మళ్లీ వేసేస్తోంది.

“ఇవి మనం తెచ్చినదానికన్నా ఘోరంగా ఉన్నాయి” అంది భర్తతో.

“మనదాన్ని ఇంతకు ముందు చూసుకున్నావా నువ్వు?” అని ఆయన నవ్వాడు.

అంతలో గాలి లేచింది. ఎర్రటి దుమ్ము. నిలబడలేకపోయాం. ఇంటికొచ్చిన మనిషిని దుమ్ములో నిలబెట్టడం మా వైపు అలవాటు లేదు. “రండి, రండి” అంటూ మా కారవాన్‌లోకే పిలిచాను. నా భార్య అప్పటికే టీ పెడుతోంది.

గడప బయట ఉన్న మా చెప్పులు చూసి ఆవిడ, ఎవరూ చెప్పకుండానే, తన జోళ్లు విడిచింది. వట్టి పాదాలతో రెండడుగులు వేసి ఆగింది. కిందికి చూసింది. మళ్లీ నడిచింది. పాదానికి ఒక్క ఇసుక రేణువు తగలలేదు. కిటికీ గాడిలో వేలు పెట్టి తీసి చూసుకుంది. ఫ్రిజ్ తెరిచి వాసన పీల్చింది. “నదీఫ్” అంది భర్త వైపు తిరిగి. శుభ్రం అని. ఎంతో కాలంగా ఇతరుల మురికి కడుగుతున్నాను, ఆ మాట నా మొహం మీద ఎవరూ అనలేదు.

ఇక నా నోరు ఆగుతుందా?

“మామా, ఇది జర్మనీ సరుకు. ఎడారి మొహం ఎరగదు. ఏసీ వేస్తే లోపల దుప్పటి కప్పుకోవాలి. చినుకు పడినా చుక్క కారదు” అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

అది ఎక్కడిదో నాకు తెలియదు. దాని ఇరుసు విరిగిందే ఎడారిలో. ఏసీ కింద బకెట్ పెట్టుకుని పడుకుంటాను.

నా భార్య కప్పులు అందిస్తూ, వాళ్ల వైపు చిరునవ్వు చెదరకుండా, నాతో తెలుగులో అంది: “నోరు మూసుకోయ్యా. ఆయమ్మ కొనేటట్టు సూస్తాంది.”

“ఇరుసు ఇరిగినదాన్ని ఎవురు కొంటారే? ఊరికే సెప్తాండా.”

“నువ్వు సెప్పేది ఊరికే. ఆయమ్మ ఇనేది ఊరికే గాదు.”

బాబా వచ్చాడు. ఆవిడ ఇంకా కూర్చునే ఉంది. “ఇదే కావాలి” అంది. బాబా తల గోక్కుని వెల్డింగ్ కుర్రవాణ్ని కేకేశాడు. దీనికి వేరే ఇరుసు వేయగలవా అని అడిగాడు. పని గురించి ఎవరైనా అడిగితే ఆ పిల్లవాడికి ఛాతీ పొంగుతుంది. గొప్పలు పోవడంలో నాకు తమ్ముడే. “రేపటికి అయిపోతాది బాబా” అన్నాడు. అన్న తర్వాత నా మొహం చూశాడు. అప్పటికే ఆలస్యమైంది.

అప్పుడు నేను నిజం చెప్పడం మొదలుపెట్టాను. ఏసీ కారుతుందన్నాను. పైకప్పు మూల ఉబ్బిందన్నాను. బకెట్ తెచ్చి చూపించాను. ఆవిడ పకపకా నవ్వింది. “ముసలాయనకు ఇవ్వడం ఇష్టం లేదు, చూడండి ఎలా కథలు చెబుతున్నాడో” అంది. తర్వాత నవ్వు ఆపి మా పొయ్యి వైపు, మడిచిపెట్టిన దుప్పటి వైపు చూసింది.

“ఇది మీ ఇల్లా?” అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపు బాబా అన్నాడు: “లేదు, లేదు. యార్డుదే.”

అబద్ధమేమీ కాదు. యార్డుదే.

బాబా చెడ్డవాడు కాదు. బేరం కుదిరి వాళ్లు వెళ్లాక నా భుజం తట్టాడు. “వాళ్లు ఇచ్చిపోయినదాన్ని నువ్వు తీసుకో, దీనికన్నా పెద్దది. నీ భార్య చెయ్యి పడితే అదీ ఇలాగే తయారవుతుంది. అప్పుడు అదీ అమ్ముడుపోతుంది. మళ్లీ ఇంకోటి తీసుకో. యల్లా, కానివ్వు!” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నా భార్యకు అరబ్బీ నాకన్నా బాగా వచ్చు. ఆమె ముఖంలో రంగు పోవడం చూశాను.

ఆయన కారెక్కగానే నేను బయటికి దూకి దోసిలి నిండా ఇసుక ఎత్తుకొచ్చాను. బండి తీసుకుపోవడానికి ఆవిడ మళ్లీ వచ్చేసరికి మంచం మీదా, ఫ్రిజ్‌లోనూ పోసి, ఎండుచేపలు కాల్చి పొగ పెట్టాలని నా ఉపాయం. గడపలో నా భార్య నిలబడింది. అడ్డం రాలేదు.

“పోసెయ్. మళ్లా దాన్ని కడిగిపెట్టు అని బాబా ఎవురికి సెప్తాడు?”

నా పనే కదా అది. ఇసుక కింద పారబోశాను. ఆమె గిన్నెలు, దుప్పట్లు ఒక సంచిలో సర్దింది. నేను ఆమెను బస్సు దాకా దిగబెట్టాను. మర్నాడు కుర్రవాడు ఇరుసు వేస్తుంటే, అమ్మకానికి పోయే బండి కాబట్టి, దాన్ని నేనే ఇంకోసారి తుడిచి పెట్టాను. తుడవడానికి అందులో ఏమీ లేదు.

తర్వాతి శుక్రవారం ఆమె వచ్చింది. మాకు వచ్చిన కొత్త కారవాన్ తలుపు తీసి చూపించాను. పెద్దదే. రెండు మంచాలు. బుఖూర్ వాసన, దాని కింద పాల వాసన, వాటన్నిటి కింద మరుగుదొడ్డి వాసన. ఆమె చేతులు వాటంతటవే కొంగు దోపుకున్నాయి. గుడ్డ తడిపింది. పొయ్యి గట్టు మీద ఒక జాన మేర తుడిచి ఆగిపోయింది.

“దీన్ని కడిగితే ఇదీ పోతాది గదా?”

నేను కిటికీ అద్దం జరిపాను. గాడిలో ఇసుక గరగరలాడింది.

“కడక్కపోతే నేనుండలేను. ఏం చెయ్యమంటావో సెప్పు.”

“ఒక మూల మట్టుకు కడుక్కుందామే. తక్కింది అట్లే ఇడ్సిపెడదాం. వచ్చినోళ్లు చూసి పారిపోతారు.”

“మూలకు కూచ్చునేదానికి నేనేమన్నా చీపురునా?”

నవ్వాను. ఆమె నవ్వలేదు. తడిగుడ్డ పిండి తలుపు మీద ఆరేసి బయటికి వచ్చేసింది. యార్డులో బోర్లించిన పెయింటు డబ్బా మీద, కారవాన్ నీడలో కూర్చుంది. నేనూ పక్కన ఇంకో డబ్బా లాక్కున్నాను. వెల్డింగ్ కుర్రవాడు దూరం నుంచి చూసి, పలకరించకుండా పోయాడు. నీడ జరిగినప్పుడల్లా మేమూ డబ్బాలు జరుపుకున్నాం. సాల్మియాలో వరండాలో కూర్చున్నప్పుడైనా లేవమనేవాడొకడు ఉండేవాడు. ఇక్కడ లేపేవాడు కూడా లేడు. వేళ కాకుండానే బస్సుకు పోతానంది.

నిన్న శుక్రవారం పొద్దున ఫోన్ చేసింది.

“ఈ పొద్దు రాలేనయ్యా. మామా వాళ్లింటికి చుట్టాలొస్తాండారు. నన్ను ఉండమనింది.”

“ఎవురొస్తాండారు?”

“ఎవురో. అహ్మది నుంచి.”

“ఎంతమంది?”

“శానా మంది.”

మామా కుటుంబమంతా ఈ వారం దేశంలోనే లేదని పోయిన శుక్రవారం, ఆ డబ్బా మీద కూర్చుని, తనే నాతో చెప్పింది. చెప్పిన సంగతి మరిచిపోయినట్టుంది. నేనైతే ఆ చుట్టాలకు పేర్లు పెట్టి, వాళ్ల కార్ల రంగులు కూడా చెప్పేవాణ్ని. ఆమెకు ఇది చేతకాదు.

“సరేలే, పని చూసుకో. వచ్చే శుక్రారం వద్దువు” అన్నాను.

“ఆఁ” అంది. చాలాసేపు ఇద్దరమూ ఫోన్ పెట్టలేదు.